తెలుగు టైటాన్స్: ఆటగాళ్ల ఎంపిక, జట్టు మార్పులు

తెలుగు టైటాన్స్ ప్రొ కబడ్డీ లీగ్‌లో తెలుగువారి జట్టు. 2014లో లీగ్ మొదలైనప్పుడు బరిలో దిగిన ఎనిమిది జట్లలో ఇదొకటి. యాజమాన్యం వీర స్పోర్ట్స్ సంస్థది. విశాఖపట్నం, హైదరాబాద్ నగరాలు రెండూ దీనికి సొంత గడ్డలే. పన్నెండు సీజన్లు ఆడినా ఒక్కసారీ ఫైనల్ చేరలేదు. 2015లో మూడో స్థానం, 2016లో నాలుగో స్థానం, మళ్లీ 2025లో మూడో స్థానం: ఇవీ చెప్పుకోదగ్గ ఫలితాలు. 2016కూ 2025కూ మధ్య వరసగా ఏడు సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. అందులో మూడు సీజన్లు పట్టికలో అట్టడుగునే ముగించింది.

ఈ పన్నెండేళ్లలో కోచ్‌లు మారారు, కెప్టెన్లు మారారు. అయినా జట్టు తలరాతను రాసింది మాత్రం వేలంపాట. ఎవరిని కొన్నారు, ఎవరిని వదిలేశారు, ఎవరిని ఎంత కాలం నిలుపుకున్నారు అన్న మూడు ప్రశ్నలకు టైటాన్స్ ఇచ్చుకున్న జవాబులే వాళ్ల చరిత్ర. కబడ్డీలో పేరు కూతకు వెళ్లే రైడర్‌కు వస్తుంది. గెలుపు మాత్రం ఎక్కువగా పట్టు పట్టేవాళ్ల దగ్గర ఉంటుంది. ఆ తేడా తెలుసుకోవడానికి ఈ జట్టుకు చాలా కాలమే పట్టింది.

విశాఖలో టైటాన్స్ ఆడే రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియం అక్కయ్యపాలెం వైపు పోర్టు స్టేడియం ఆవరణలో ఉంది. మూడో సీజన్ 2016 జనవరి 30న ఇక్కడే మొదలైంది. 2018 డిసెంబరు తర్వాత లీగ్ విశాఖ వైపు రాలేదు. దాదాపు ఏడేళ్ల ఎడం తర్వాత పన్నెండో సీజన్ ఇక్కడే ప్రారంభమైంది.

వేలం ఎలా నడుస్తుంది

రగ్బీ, ఫుట్‌బాల్ వంటి ఆటల్లో ఐరోపా క్లబ్బులు ఆటగాడితో నేరుగా రెండేళ్లకో మూడేళ్లకో ఒప్పందం రాసుకుంటాయి. రగ్బీ యూనియన్ 1995 ఆగస్టులో వృత్తి క్రీడగా మారింది. ఆ తర్వాత నాలుగేళ్లకే ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ జీతాలకు గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆ పరిమితి దాటినందుకు సారసెన్స్ క్లబ్బుకు 2019లో 35 పాయింట్ల కోత, 50 లక్షల పౌండ్లకు పైగా జరిమానా పడ్డాయి. చివరకు ఆ క్లబ్బు కింది శ్రేణికి దిగిపోవలసి వచ్చింది. అక్కడ లెక్క తప్పితే బయటపడటానికి ఏళ్లు పడుతుంది. మన కబడ్డీ వేలంలో లెక్క అందరి కళ్ల ముందే జరుగుతుంది. జట్టు చేతిలో ఉన్న మొత్తాన్ని పర్సు అంటారు. పర్సు అయిపోతే పాట ఆపి కూర్చోవలసిందే.

2014లో ఒక్కో జట్టు పర్సు 60 లక్షల రూపాయలు. 2023 నాటికి అది 5 కోట్లకు చేరింది. ఆటగాళ్లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు శ్రేణులుగా విడదీస్తారు. ఇటీవలి సీజన్లలో ఏ శ్రేణి కనీస ధర 30 లక్షలు, బీ 20 లక్షలు, సీ 13 లక్షలు, డీ 9 లక్షలు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి, 25 మందికి మించకూడదు. విదేశీ ఆటగాళ్లు కూడా కొందరు ఉండి తీరాలి. వేలానికి ముందే ప్రతి జట్టూ కొందరిని అట్టిపెట్టుకుని మిగతావాళ్లను వదిలేస్తుంది. అట్టిపెట్టుకునేవాళ్లలో పేరున్నవాళ్లకు ఒక వర్గం, యువకులకు మరో వర్గం ఉంటాయి.

వదిలేసిన ఆటగాడిని వెనక్కి తెచ్చుకోవడానికి ఒక దారి ఉంది. దాని పేరు ఫైనల్ బిడ్ మ్యాచ్. వాడుకలో ఎఫ్‌బీఎం కార్డు అంటారు. వేరే జట్టు చివరి పాట పాడాక, పాత జట్టు ఆ కార్డు చూపించి అదే ధరకు తన ఆటగాడిని తిరిగి తీసుకోవచ్చు. ఖరీదైన ఆటగాడిని వదిలేసి, వేలంలో ధర తగ్గాక మళ్లీ పట్టుకోవడం జట్లకు బాగా అలవాటైన ఎత్తు. ఒకోసారి ధర పెరుగుతుంది, అప్పుడు ఎత్తు బెడిసికొడుతుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున జరిగే చేపల పాటలో కొనేవాడు మొప్ప ఎత్తి చూస్తాడు, వేలితో కండ నొక్కి చూస్తాడు, ఆ తర్వాతే నోరు తెరిచి ధర చెబుతాడు. కబడ్డీ వేలంలో ఆ అవకాశం లేదు. అక్కడ కనిపించేవి నిరుటి పాయింట్లు మాత్రమే. మోకాలి లోపల ఏముందో, భుజం ఎన్ని మ్యాచ్‌లు తట్టుకుంటుందో పాట పాడేవాళ్లకు కనిపించదు. టైటాన్స్ ఈ విషయంలో లీగ్‌లో మరే జట్టుకూ తీసిపోనంత మూల్యం చెల్లించింది.

రాహుల్ చౌదరి రోజులు

2014 మే నెలలో జరిగిన తొలి వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌ది. పట్నా పైరేట్స్ అతడికి 12.8 లక్షలు పెట్టింది. ఆ తర్వాతి ధర టైటాన్స్ పెట్టినదే: దీపక్ నివాస్ హుడాకు 12.6 లక్షలు. తీరా చూస్తే ఆ జట్టుకు పేరు తెచ్చింది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి. ఎడమ నుంచి కుడికి పరుగు, ఆ పరుగులోనే చేత్తో తాకడం, చివరి క్షణంలో ఒళ్లు విదిలించుకుని గీత అందుకోవడం: టీవీలో కబడ్డీ చూడటం అప్పుడే మొదలుపెట్టిన తెలుగు ప్రేక్షకులు కూత అంటే రాహుల్‌దే అనుకున్నారు. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు దాటిన తొలి ఆటగాడు అతడే. 2016 నాలుగో సీజన్లో 146 రైడ్ పాయింట్లతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు.

ఆ రోజుల్లో టైటాన్స్ మంచి జట్టు. కర్ణాటక రైడర్ సుకేశ్ హెగ్డే, ఇరాన్ ఆల్‌రౌండర్ మెరాజ్ షేక్ తొలి సీజన్లలో రాహుల్‌కు తోడుగా ఉన్నారు. ఒకడు బయట కూర్చున్నా ఇంకొకడు పాయింట్లు తేగలిగేవాడు. హుడా మూడో సీజన్‌కు పుణేకు వెళ్లిపోయాడు, మెరాజ్ నాలుగో సీజన్‌కు ఢిల్లీ చేరాడు. వాళ్ల స్థానంలో ఆ స్థాయివాళ్లు రాలేదు. జట్టు భారం రాహుల్ భుజాల మీద పడటం అక్కడే మొదలైంది.

2017లో లీగ్ పన్నెండు జట్లకు పెరిగింది. ఆటగాళ్లు నాలుగు కొత్త జట్లకు చెదిరిపోయారు. ఎడమ కార్నర్‌లో విశాల్ భరద్వాజ్ రూపంలో టైటాన్స్‌కు ఒక మంచి డిఫెండర్ దొరికాడు. అయినా ప్లేఆఫ్స్ అందలేదు. మరుసటి ఏడు రాహుల్‌ను వేలానికి వదిలి, ఎఫ్‌బీఎం కార్డుతో 1.29 కోట్లకు తిరిగి తెచ్చుకుంది. కబడ్డీ ఆటగాళ్ల ధర మొదటిసారి కోటి దాటిన వేలం అది. ఇరాన్ డిఫెండర్ అబోజర్ మిఘానిని కూడా ఆ వేలంలోనే 76 లక్షలు పెట్టి కొన్నారు. ఇద్దరికే 2.05 కోట్లు అయిపోయాయి. అప్పటి పర్సు మొత్తం 4 కోట్లు.

2019లో రాహుల్ 94 లక్షలకు తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. ఆరు సీజన్ల బంధం తెగింది. తర్వాత పుణేకు, అక్కడి నుంచి జైపూర్‌కు మారి, 2022లో జైపూర్ పింక్ పాంథర్స్ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. ఇక్కడ అన్నేళ్లు మోసినా దక్కని కప్పు అక్కడ దక్కింది.

ఒక్కడి మీద భారం

రాహుల్ ఖాళీని పూరించడానికి 2019లో టైటాన్స్ ఆ వేలంలోకెల్లా పెద్ద పాట పాడింది. కొల్హాపూర్ జిల్లా కుర్రాడు సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు. అంతకు ముందు ఏడు యూ ముంబా తరఫున తొలి సీజన్లోనే అతడు 218 రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఆ ధర పెట్టడం తప్పని ఎవరూ అనలేరు. టైటాన్స్ తరఫునా ఆ ఏడు 217 రైడ్ పాయింట్లు సాధించాడు. అంటే కొన్న సరుకు కొన్నట్టే పనిచేసింది. జట్టు మాత్రం పన్నెండింటిలో పదకొండో స్థానంలో నిలిచింది. రైడర్ 200 పాయింట్లు దాటినా జట్టు ఓడిపోతూనే ఉంటే లోపం ఎక్కడుందో వెతకడానికి దూరం పోనక్కర్లేదు.

కరోనా వల్ల ఒక ఏడాది లీగ్ ఆగింది. 2021 వేలంలో దేశాయ్‌ని మళ్లీ ఎఫ్‌బీఎం కార్డుతోనే 1.30 కోట్లకు తీసుకున్నారు. మొదటి మూడు మ్యాచ్‌లకే అతడు గాయపడి సీజన్‌కు దూరమయ్యాడు. అతడి స్థానంలో దిగిన అంకిత్ బేనీవాల్, రజనీశ్ అనే ఇద్దరు యువ రైడర్లు తమ శక్తికి మించి ఆడారు. స్వల్ప తేడాతో చేజారిన మ్యాచ్‌లు ఎన్నో. మొత్తం 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, నాలుగు టైలు, పదిహేడు ఓటములు.

2022లో యాజమాన్యం వ్యూహం తిరగేసింది. ఒక్క రైడర్ మీదే కాకుండా పేరున్న డిఫెండర్ల మీద కూడా డబ్బు పెట్టింది. సూర్జీత్ సింగ్, పర్వేశ్ భైన్స్‌వాల్, విశాల్ భరద్వాజ్ ఒకే జట్టులో ఉన్నారంటే కాగితం మీద ఆ రక్షణను చూసి ఎవరైనా జంకాలి. మ్యాట్ మీద 22 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు వచ్చాయి. దీన్ని చూసి రక్షణ మీద పెట్టిన డబ్బు వృథా అనుకుంటే పొరపాటు. కబడ్డీలో ఏడుగురు చేతులు పట్టుకుని గొలుసు కట్టి నిలబడతారు. కార్నర్‌లో ఉన్నవాడు రైడర్ కాలు అందుకునేందుకు ఎప్పుడు దూకుతాడో పక్కనున్న కవర్ డిఫెండర్‌కు ముందే తెలియాలి. అర సెకను ఆలస్యమైతే ఒక పాయింట్ కాదు, ఇద్దరు ముగ్గురు బయటకు పోతారు. ఆ అవగాహన కలిసి ఆడితే వస్తుంది, వేలంలో దొరకదు. వేరువేరు జట్లలో, వేరువేరు కోచ్‌ల దగ్గర పదునెక్కిన ముగ్గురిని ఒక్క రోజులో కొనవచ్చు. వాళ్లు ఒక గొలుసు కావడానికి ఒక సీజన్ చాలకపోవచ్చు. టైటాన్స్ ఆ రెండో సీజన్ ఇవ్వకుండానే జట్టును మళ్లీ విప్పేసింది.

2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. కెప్టెన్ పవన్ సెహ్రావత్. రెండు రోజుల తర్వాత ముంబైలో పదో సీజన్ వేలం. ఆ వేడిలో టైటాన్స్ పవన్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. లీగ్ చరిత్రలో అప్పటికి అదే అత్యధికం. 5 కోట్ల పర్సులో సగానికి పైగా ఒక్కడికే పోయింది. కోచ్‌గా తెలంగాణకు చెందిన శ్రీనివాస్ రెడ్డి వచ్చారు. తెలుగు జట్టుకు తెలుగు కోచ్ దొరికాడని అభిమానులు సంతోషించారు. పవన్ రైడ్ పాయింట్లు 200 దాటాయి. గెలుపులు మళ్లీ రెండే. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి అయిదు. ఇంత సుదీర్ఘమైన చీకటి ఈ లీగ్‌లో ఇంకే జట్టూ చూసి ఉండదు. ఆ చీకట్లోనూ హైదరాబాద్ గచ్చిబౌలిలో మ్యాచ్ పెడితే వచ్చి అరిచిన జనానికి ఈ జట్టు ఎంతో రుణపడి ఉంది.

కోలుకున్న తీరు

పదకొండో సీజన్‌కు, అంటే 2024కు, కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. ఎనిమిదో సీజన్లో దబంగ్ ఢిల్లీకి టైటిల్ అందించిన కోచ్ ఆయన. ఆ ఫైనల్లో ఢిల్లీ తరఫున 14 పాయింట్లు తెచ్చిన విజయ్ మాలిక్ టైటాన్స్‌కు చేరాడు. పవన్‌ను వేలానికి వదిలి, ఎఫ్‌బీఎం కార్డుతో 1.725 కోట్లకు వెనక్కి తెచ్చుకున్నారు. అంతకు ముందు ఏటి ధరతో పోలిస్తే 88 లక్షలు మిగిలాయి. ఎత్తు ఈసారి ఫలించింది.

సీజన్ మధ్యలో పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. 2021లో దేశాయ్ పడిపోయినప్పుడు జట్టంతా పడిపోయింది. ఈసారి అలా జరగలేదు. పగ్గాలు విజయ్ అందుకున్నాడు. రైడర్‌గా వచ్చి, అవసరమైతే పట్టుకూ దిగే ఆల్‌రౌండర్ అతడు. కుర్రవాడైన ఆశిష్ నర్వాల్ తోడు నిలిచాడు. పవన్ లేకుండానే టైటాన్స్ గెలవడం మొదలుపెట్టింది. 22లో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పాయి. అయినా నా లెక్కలో ఈ జట్టు మలుపు తిరిగిన సీజన్ ఇదే. ఆ తర్వాత వచ్చిన మూడో స్థానం ఇక్కడ వేసిన పునాది మీద నిలిచినదే.

2025 వేలంలో యాజమాన్యం పవన్‌ను వదులుకుంది. తమిళ్ తలైవాస్ అతడిని 59.5 లక్షలకు తీసుకుంది. పవన్‌ను వదలడంతో పర్సులో మిగిలిన డబ్బును టైటాన్స్ భరత్ హుడా మీద పెట్టింది. బెంగళూరు బుల్స్‌లో పేరు తెచ్చుకుని, తర్వాత యూపీ యోధాస్‌కు ఆడిన రైడర్ అతడు. ధర 81 లక్షలు. విజయ్ మాలిక్‌ను 51.5 లక్షలకు నిలుపుకుని కెప్టెన్‌ను చేసింది. ఇద్దరికీ కలిపి 1 కోటి 32.5 లక్షలు. అంతకు ముందు ఏడు పవన్ ఒక్కడికి పెట్టిన దాని కంటే ఇది 40 లక్షలు తక్కువ. కోచ్ మారలేదు. అంకిత్, అజిత్ పవార్ వంటి పాత డిఫెండర్లు కొనసాగారు. వాళ్లకు శుభమ్ షిండే కలిశాడు.

ఆగస్టు 29న విశాఖలో సీజన్ తొలి మ్యాచ్. ఎదురుగా తలైవాస్, దాని కెప్టెన్‌గా పవన్. నిన్నటిదాకా తమవాడైన ఆటగాడు ఎదుటి కోర్టులో నిలబడి కూత పెడుతుంటే పోర్టు స్టేడియం హోరెత్తిపోయింది. టైటాన్స్ 35–38తో ఓడింది. పవన్‌ను వదలడం తప్పా అన్న మాట ఆ రాత్రి చాలామంది నోట వచ్చే ఉంటుంది. సీజన్ ముందుకు సాగేకొద్దీ ఆ మాట వినిపించడం మానేసింది. టైటాన్స్ నాలుగో స్థానంతో ప్లేఆఫ్స్ చేరింది. అక్కడ బెంగళూరు బుల్స్‌ను ఓడించింది. వరస విజయాలతో ఊపు మీదున్న పట్నా పైరేట్స్‌నూ ఓడించింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు ముందు పుణేరి పల్టన్ చేతిలో అయిదు పాయింట్ల తేడాతో ఆగిపోయింది. ఈ మ్యాచ్‌ల్లో భరత్ ఆడిన ఆట టైటాన్స్ చరిత్రలో రాహుల్ మంచి రోజుల పక్కన నిలుస్తుంది. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, భరత్ బయట కూర్చున్నప్పుడు లోపల ఉన్నవాళ్లు అతడిని తిరిగి మ్యాట్ మీదకు తెచ్చుకోగలిగారు. కబడ్డీలో బయటకు వెళ్లిన ఆటగాడు మళ్లీ రావాలంటే మిగిలినవాళ్లు పాయింట్ గెలవాలి. పట్టు బలం లేని జట్టులో కోట్ల రైడర్ బెంచీ మీదే ఎక్కువసేపు గడుపుతాడు.

రగ్బీలో హైదరాబాద్

జట్టు కూర్పులో మరో పద్ధతి చూడాలంటే, కబడ్డీకి దగ్గరి చుట్టం అనదగ్గ రగ్బీలోనూ ఇప్పుడు ఒక తెలుగు ఫ్రాంచైజీ ఉంది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లు ఆడాయి. అందులో హైదరాబాద్ హీరోస్ ఒకటి. ఏడుగురు ఆడే సెవెన్స్ రకం పోటీ ఇది. భారత రగ్బీ సంఘంతో కలిసి దీన్ని నడిపిన జీఎంఆర్ సంస్థ మూలాలు ఉత్తరాంధ్రలోని రాజాంలో ఉన్నాయి. కబడ్డీలో యూపీ యోధాస్ కూడా వాళ్లదే. ఒక్కో జట్టుకు 13 మంది: పేరున్న విదేశీయులు అయిదుగురు, రగ్బీ ఇంకా ఎదుగుతున్న దేశాలవాళ్లు ముగ్గురు, భారతీయులు అయిదుగురు. కబడ్డీ లీగ్‌లో విదేశీయులు కొద్దిమందే ఉంటారు. రగ్బీలో మనవాళ్లే తక్కువ.

తెలుగు కుర్రాళ్ల మాట

టైటాన్స్ మీద తెలుగువారికి ఉన్న ఒక పెద్ద అసంతృప్తి ఇంకా తీరలేదు. పైన వచ్చిన ఆటగాళ్ల పేర్లు మళ్లీ చదివితే అది దానంతట అదే తెలుస్తుంది. హర్యానా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, ఇరాన్. తెలుగు పేరుతో ఉన్న జట్టును నిలబెట్టిన ఆటగాళ్లలో తెలుగువాళ్లు బహు అరుదు. ఇది ఒక్క టైటాన్స్ తప్పు కాదు. హర్యానాలో ఊరూరా కుర్రాళ్లు చిన్ననాటి నుంచి మ్యాట్ మీద ఆడతారు. రైల్వే, సైన్యం, పోలీసు కొలువులు ఆ ఆటతోనే వస్తాయని ఇంట్లోవాళ్లకు నమ్మకం. మన దగ్గర సంక్రాంతికి, దసరాకు ఊరి పోటీలు ఘనంగా జరుగుతాయి. వాటిలో చాలా భాగం మట్టి మీద ఆడేవే. మట్టిలో నేర్చిన అడుగు మ్యాట్ మీద జారుతుంది. ఆ అడుగు మార్చుకోవడానికి శిక్షణ కావాలి, శిక్షణకు మ్యాట్ కావాలి, మ్యాట్‌కు పెట్టుబడి కావాలి.

లీగ్ 2017లో మొదలుపెట్టిన ఫ్యూచర్ కబడ్డీ హీరోస్ కార్యక్రమం కొత్త యువ ఆటగాళ్లను వేలంతో పనిలేకుండా జట్లకు చేర్చే దారి. 2022లో మొదలైన యువ కబడ్డీ సిరీస్ కుర్రాళ్లకు ముందు వరసకు వచ్చే మరో మెట్టు. కోటి రూపాయల పాటలకు పెట్టే శ్రద్ధలో కొంత ఈ మెట్ల మీద పెట్టే బాధ్యత టైటాన్స్ యాజమాన్యానికి ఉంది. విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం తీరంలో, మెదక్, నల్లగొండ పల్లెల్లో ఉన్న కుర్రాళ్లను పదిహేనేళ్ల వయసులోనే గుర్తించి మూడు నాలుగేళ్లు పోషించగలిగితే, కనీస ధరకు ఒక కార్నర్‌నో కవర్‌నో సొంతంగా తయారు చేసుకోవచ్చు. రైడర్లకు ధరలు ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటాయి కాబట్టి లాభం రక్షణలోనే.

పన్నెండో సీజన్ నుంచి ఎఫ్‌బీఎం నియమం కూడా మారింది. కార్డుతో వెనక్కి తెచ్చుకున్న ఆటగాడిని ఒక సీజన్‌కే కాకుండా రెండు సీజన్లకు అట్టిపెట్టుకునే వీలు వచ్చింది. ఏడాదికోసారి జట్టు విప్పి మళ్లీ కట్టే పద్ధతికి ఇది కొంత అడ్డుకట్ట. 2022 నాటి ముగ్గురు డిఫెండర్లకు కలిసి ఆడేందుకు దక్కని రెండో ఏడు ఇప్పటి డిఫెండర్లకు ఇవ్వాలంటే ఆ వెసులుబాటును రైడర్ల కంటే ముందు వాళ్ల మీద వాడాలి.